పదకొండో చెయ్యి

పిక్కలు కొట్టే చేతికి వేలిముద్ర నిలవదు.
రేషన్ మిషన్ మీద ఎన్నిసార్లు నొక్కినా
నువ్వెవరో తెలీదంటుంది.
పోలింగ్ రోజు పెట్టిన సిరా కూడా
జీడి నలుపులో కలిసిపోయి
ఎవరేశారో ఎవరెయ్యలేదో పోల్చుకోలేక
ఏజెంటు కుర్రాడు తికమకపడ్డాడు.
ఆ నల్లవేళ్లే దాలమ్మని గెలిపించాయి.

కాశీబుగ్గలో బాయిలరు దగ్గర పదహారేళ్లు.
చేతొడుగులిమ్మని గేటు ముందు కూర్చుంటే
నాలుగో రోజుకి ఇచ్చారు,
అందరికీ ఒకటే సైజు, మగాళ్లవి.
"ఏటి సేస్తాం, మన సేతులే పెంచుకుందాం" అని నవ్వింది.
బీసీ మహిళకి రిజర్వేషనొచ్చిన ఏడు
పార్టీకి ఎవరికీ అడ్డురాని పేరొకటి కావాలి.
అలా అయింది మండలాధ్యక్షురాలు.

మొదటి రోజు తన కుర్చీలో కూర్చోబోయిన మొగుణ్ని
"నువ్వు బయట కూకో, టీ వస్తాది" అంది.
సంతకం పెట్టడానికి నెల పట్టింది ఆమెకి.
పెట్టకుండా ఉండటం మాత్రం ఎవరూ నేర్పలేదు.
లోకనాథం కల్వర్టు బిల్లు మూడుసార్లు తిప్పి పంపింది.
"ఇటు గోడుంది, అటు గోడేదీ?"
చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని కాలవలోకి దిగి
జానలతో కొలిచింది.

మంచిదని చెప్పడానికి కాదు ఇదంతా.
మొదటి బోరు వాళ్ల వీధిలోనే పడింది.
మీటింగులో నలుగురి ముందూ నన్ను నోరు ముయ్యమంది.
మా చెల్లి కిడ్నీ కాగితాలు పట్టుకెళ్తే
"ఐదు దాటాలే పింఛనుకి, ఇది నాలుగున్నరే" అని
మడతపెట్టి చేతికిచ్చింది.
రూలు చెప్పింది, నిజమే.
నాకు మాత్రం, రోగం ముదిరాక రమ్మన్నట్టు వినబడింది.

నాలుగేళ్లు నిండిన మర్నాడే నోటీసు.
ఆ రాత్రే కార్లొచ్చాయి.
పూరీలో హోటలు. ఫోన్లన్నీ ఒక సంచిలో వేసుకుపోయారు.
ఉద్దానం నీళ్లు తాగిన నోటికి సీసానీళ్లు చప్పగా తగిలాయి.
కవరు దిండు కింద పెట్టుకుంటే
మెడ పట్టేసింది.

"తీర్మానానికి ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి" అన్నారు ఆర్డీవో.
పద్నాలుగు మందిమి. పది చేతులు చాలు.
పదీ లేచాయి, బడిపిల్లల్లా, గబగబా.
నాది పదకొండోది.
అక్కర్లేని చెయ్యి.

గుమస్తా కంటే ముందే దాలమ్మ లెక్కపెట్టింది.
మొహాలు చూడలేదు. చేతులే.
గడియారాలు, ఉంగరాలు, ఒక తాయెత్తు,
జీడి కాలిన మచ్చలు రెండింటికే.
గుళ్లొక పక్కకీ బద్దలొక పక్కకీ ఏరినట్టు
చూసుకుంటూ పోయింది.
నా దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగిందేమో.
అది నా ఆశేమో.

రిజిస్టర్లో సంతకం పెట్టింది,
ఏ బిల్లు మీదా పెట్టనంత వేగంగా.
కుర్చీ మీది తువ్వాలు తనదే,
దులిపి, మడిచి, చంకలో పెట్టుకుని
వెళ్లిపోయింది.
వేలమంది నల్లవేళ్లు అడిగి ఇచ్చినదాన్ని
పదకొండు చేతులు అడక్కుండా తీసుకున్నాయి.
మా ఊళ్లో ఎవరూ ఏమీ అనలేదు. అదే కష్టంగా ఉంది.

నిన్న బస్సులో కనబడింది,
ఒళ్లో టిఫిను డబ్బా, మళ్లీ షిఫ్టుకి.
పక్కకి జరిగి "కూకోయే" అంది.
"మీ సెల్లికెంతుందిప్పుడు?"
"ఆరూ పాయింటు రెండు."
"అయితే వస్తాది. బేగి పెట్టించు,
కొత్తాయన సంతకాలు బానే పెడతాడంట."
ఎగతాళో కాదో తేల్చుకోలేకపోయాను.

కూర్చోలేదు.
పైరాడ్డు పట్టుకుని నిలబడ్డాను.
హరిపురం నుంచి కాశీబుగ్గ దాకా
చెయ్యి పైకే ఉంది.